ఉప్పునీళ్ల ఆడపడుచు

ఆ ఇంట్లో ఆడపడుచు అంటే మనిషి కాదు, చేప. పచ్చటి పసుపు రంగు, అరచేయంత వెడల్పు, పక్కనుంచి చూస్తే పళ్లెం, ఎదురుగా చూస్తే గీత. ఆ పేరు ఇల్లాలు పెట్టింది. ఆవిడ మొగుడికి తోబుట్టువులెవరూ లేరు. "నాకు ఆడపడుచు లేని లోటు ఇదిగో, ఇది తీరుస్తోంది" అనేది వచ్చిన వాళ్లందరితో. అబద్ధమేం కాదు. ఆ చేప తొట్టెలో ఈ మూల నుంచి ఆ మూలకి తిరుగుతూ రాయి రాయినీ తనిఖీ చేసేది. ఎవరేం తింటున్నారో ఓ కన్నేసి ఉంచేది. నచ్చకపోతే తోకతో ఒక్కటిచ్చేది. మూతి కూడా దానికి తగ్గట్టు ముందుకు పొడుచుకొచ్చి ఉండేది, ఎప్పుడూ ఏదో అనబోతున్నట్టు.

ఇల్లాలు పోయి ఏడాది దాటింది. మిగిలినవి హాల్లో గోడ పొడవునా ఉన్న ఉప్పునీళ్ల తొట్టె, అందులో ఆడపడుచు, నారింజ రంగు మీద తెల్ల చారలున్న ఓ జంట, కొన్ని రొయ్యలు, రాళ్లకి అంటుకుని పెరిగే పగడాలు. ఆ జంటని కొత్త దంపతులనేవాళ్లు, అవి కాపురానికొచ్చి ఏళ్లు గడిచినా సరే. వీటన్నిటికీ కాపలాగా ఒక మొగుడు. కళ్లద్దాల దుకాణం వెనక గదిలో అద్దాలు అరగదీయడం అతని పని. దుకాణంలో, వీధిలో అందరూ అద్దాలాయన అంటారు. వెంట్రుక వాసి గీత పడినా పట్టేసే కళ్లు. ఆ కళ్లతోనే ఈ కథలో ఇంత పని జరిగింది.

తొట్టె మాత్రం అతని బుర్రలో పుట్టింది కాదు. అది అక్కాతమ్ముళ్ల పిచ్చి. అతని బావమరిది ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. నీళ్లు చల్లబరిచే యంత్రం దగ్గర్నుంచి పంపుల దాకా అన్నీ తన చేత్తో బిగించాడు. సెలవు రోజు వచ్చిందంటే బకెట్లు పట్టుకుని దిగిపోయేవాడు. తలుపులో అడుగు పెడుతూనే, "ఏంటి బావా, ఇంకా బతికే ఉన్నావా?" అనేవాడు. "నీకు బాకీ ఉన్నాగా, చచ్చినా వదలవు" అనేవాడు ఇతను. ఎవరికెవరు బాకీయో ఇద్దరికీ తెలీదు, వరస అలాంటిది. అక్క లోపల్నుంచి ఇద్దర్నీ కలిపి తిట్టేది.

ఆవిడ పోయాక కొన్నాళ్లు వచ్చాడు. బకెట్లు తెచ్చాడు, నీళ్లు మార్చాడు, వెటకారాలు మాత్రం ఆడలేదు. ఆవిడ కూర్చునే కుర్చీ వైపు చూపు పోకుండా గదిలో తిరగడానికి నానా తంటాలు పడేవాడు. తర్వాత రావడం తగ్గింది. తర్వాత, "పని ఎక్కువగా ఉంది బావా" అన్నాడు. తర్వాత అదీ అనలేదు. అద్దాలాయన అర్థం చేసుకున్నాడు. పాపం వాడికి ఇక్కడికి రావాలంటే కష్టంగా ఉంది, బలవంతపెట్టకూడదు అనుకున్నాడు. అసలు మనిషికి ఉండకూడని గుణం ఏదన్నా ఉందంటే ఇదిగో, ఈ అర్థం చేసుకోవడమే. అర్థం చేసుకుని, చేసుకుని, ఆ ఇంట్లో ఒక్కడే మిగిలాడు.

సాయంత్రం పని నుంచి వచ్చి, దీపం వేసి, చొక్కా మార్చుకోకుండానే తొట్టె ముందు నిలబడేవాడు. ఆడపడుచు అద్దం దగ్గరికొచ్చి మూతి పెట్టేది. "ఇవాళ ఒకావిడ వచ్చింది, అద్దాలు పెట్టుకున్నాక తన మొగుడు ఇంత ముసలాడని ఇప్పుడే తెలిసిందంటోంది" అని చెప్పేవాడు. చేప నోరు తెరిచి మూసేది. ఇంక ఆ రోజుకి మాటలు అంతే. దుకాణంలో కూడా వెనక గదిలో యంత్రం రొదలో ఎవరూ మాట్లాడరు. ఒక్కోసారి ఫోన్ మోగితే, గొంతు సవరించుకుంటే గానీ మాట వచ్చేది కాదు.

ఒకరోజు అతనికి మహా గొప్ప ఆలోచన వచ్చింది. కొత్త చేపని తెస్తే చూడ్డానికైనా బావమరిది వస్తాడు కదా! చేపల దుకాణానికి వెళ్లి వేలెడంత నీలం చేపని కొన్నాడు. దుకాణం వాడు చెప్పాడు కూడా, "కొన్నాళ్లు వేరే నీళ్లలో విడిగా ఉంచండి, ఏ జబ్బూ లేదని తేలాకే కలపండి" అని. అద్దాలాయన తలూపాడు. తల ఊగింది గానీ చెవులు అక్కడ లేవు, బావమరిదికి ఫోన్‌లో ఏమని చెప్పాలా అని వెతుక్కుంటున్నాడు. ఇంటికొచ్చి చేపని తిన్నగా తొట్టెలో వదిలేసి ఫోన్ చేశాడు.

"నీలం రంగుదిరా. భలే హుషారుగా ఉంది. వచ్చి చూడు."

"అలాగా. బాగుంది బావా. ఫోటో పంపు."

పంపాడు. అవతల్నుంచి బొటనవేలు బొమ్మ ఒకటి వచ్చింది. ఆ బొటనవేలిని అతను చాలాసేపు చూశాడు.

వారం తిరక్కముందే ఆడపడుచు ఒళ్లు రాళ్లకేసి రాసుకోవడం మొదలుపెట్టింది. అద్దాలాయన ముక్కు అద్దానికి ఆనించి చూశాడు. రెక్కల మీద, తోక మీద ఉప్పు చల్లినట్టు తెల్లటి చుక్కలు. కొత్త దంపతుల మీద కూడా ఉన్నాయి. నీలం చేప మీద అయితే లెక్కే లేదు. ఆవిడ చేత్తో తిండి తిన్న చేప అది, ఆవిడ గొంతు విన్న చేప. అదీ, దంపతులూ కూడా పోతే ఆ ఇంట్లో ఆవిడ ఎరిగిన ప్రాణి ఇక తనొక్కడే. ఈసారి మాటలు వెతుక్కోలేదు.

"ఆడపడుచుకి ఒంటినిండా తెల్ల చుక్కలురా."

"వస్తున్నా" అని ఫోన్ పెట్టేశాడు బావమరిది.

పని బట్టలతోనే, భుజాన పనిముట్ల సంచీతోనే వచ్చాడు. ఇంకో చేతిలో పెద్ద ప్లాస్టిక్ టబ్బు. తలుపు దగ్గర ఏ వెటకారమూ లేదు. టార్చి వేసి ఒక్కో చేపనీ చూసి, నీలం చేప దగ్గర ఆగాడు.

"దీన్ని విడిగా ఉంచావా?"

"లేదు."

"దుకాణం వాడు చెప్పలేదా?"

"చెప్పాడు."

"మరి నీకు బుద్ధుందా బావా? ఊరూ పేరూ తెలీని వాణ్ణి తెచ్చి తిన్నగా పడగ్గదిలో పడుకోబెడతావా? భలే ఇల్లరికపుటల్లుణ్ణి తెచ్చావు, ఇల్లంతా రోగం."

అద్దాలాయనకి తిట్లు పడుతుంటే కడుపులో హాయిగా ఉంది. సిగ్గులేని సంగతే, కానీ ఉన్న మాట చెప్పుకోవాలిగా. ఆ ఇంట్లో ఎవరో గొంతు పెంచి ఎన్నాళ్లయిందో.

బావమరిది విడమరిచి చెప్పాడు. ఆ చుక్క పురుగుది. చర్మం కింద దూరి తింటుంది, బలిశాక రాలి ఇసకలో పడుతుంది, అక్కడ పగిలి వందలుగా పుట్టి మళ్లీ చేపల్ని వెతుక్కుంటుంది. అందుకే ఒక పూట చుక్కలు కనబడతాయి, ఇంకో పూట కనబడవు, తగ్గిందని మురిసిపోతే మునిగినట్టే. మందు రాగితో చేసింది. దాన్ని పెద్ద తొట్టెలో పోస్తే రొయ్యలూ పగడాలూ చస్తాయి. కాబట్టి చేపలన్నిటినీ తీసి టబ్బులో పెట్టి అక్కడే మందు వేయాలి. పెద్ద తొట్టెలో రెండు మూడు నెలలు ఒక్క చేప కూడా ఉండకూడదు. పట్టుకోవడానికి ఒళ్లు దొరక్క పురుగులన్నీ వాటంతటవే మాడి చావాలి.

"అంతకాలం ఖాళీగానా?"

"ఖాళీగానే. నీ చేప నీకు కావాలంటే."

చేపల్ని పట్టడం మాత్రం ఓ యుద్ధం. రాళ్లన్నీ తీసి బకెట్లలో పెట్టారు. ఆడపడుచు ఇద్దరి చేతుల మధ్య నుంచీ జారి, వల కింద నుంచి దూరి, బావమరిది మొహాన నీళ్లు కొట్టి పోయింది. "అచ్చం మా అక్కే, మాట వింటేనా" అన్నాడతను మొహం తుడుచుకుంటూ. అని, ఆగిపోయాడు. ఇద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. ముందు ఎవరు నవ్వారో గానీ, నవ్వారు. ఇద్దరూ తడిసి ముద్దయి, హాలంతా ఉప్పునీళ్ల మడుగు చేసి, గోడకానుకుని నవ్వారు.

టబ్బుని పడగ్గదిలో పెట్టారు, హాల్లో ప్లగ్గులు చాలక. చిన్న పంపు బిగించి, చేపలు దాక్కోవడానికి పైపు ముక్కలు వేశారు. బావమరిది మూతతో కొలిచి మందు పోశాడు. చిన్న గాజు గొట్టంలో నీళ్లు తీసి రెండు చుక్కల రసాయనం వేస్తే నీలం రంగు తేలుతుంది, దాన్ని అట్ట మీదున్న రంగులతో పోల్చుకోవాలి. తక్కువైతే పురుగు చావదు, ఎక్కువైతే చేప చస్తుంది. "నీ కళ్లున్నాయిగా, నువ్వు చూడు" అన్నాడు.

అక్కణ్ణుంచి పొద్దున ఫోన్, సాయంత్రం ఫోన్. "రంగెంత? తిందా? ఊపిరెలా తీస్తోంది?" మధ్య మధ్య తనే వచ్చి నీళ్లు మార్చేవాడు. వచ్చినప్పుడు ఇద్దరూ కలిసి వంట చేసుకునేవాళ్లు. "ఉప్పు తొట్టెలోనే కాదు బావా, కూరలో కూడా వేస్తారు" అనేవాడు. ఒకసారి మంచం మీద కూర్చుని టబ్బులోకి చూస్తూ అక్క చిన్నప్పటి సంగతులు చెప్పాడు, అద్దాలాయనకి తెలియనివి. పోయిన దగ్గర్నుంచీ ఆవిడ గురించి ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవడం అదే మొదలు. ఆ రోజుల్లో అద్దాలాయన పనిచేస్తూ కూనిరాగం తీస్తున్నాడని దుకాణంలో అనుకున్నారు. ఇంట్లో జబ్బు, మనిషికి పండగ. ఇంతకంటే అన్యాయం ఉంటుందా అంటే, ఉంటుంది, చెబుతాను.

చేపలకి నయమైంది. ఆడపడుచు ఒళ్లు పసుపు కొమ్ములా నిగనిగలాడింది. తిండి వేస్తే దంపతుల్ని తోసేసి మరీ తింది. నీలం అల్లుడు కూడా కోలుకున్నాడు. "ఇంకేం భయం లేదు బావా, మందు మాత్రం అలాగే ఉంచు" అన్నాడు బావమరిది. పొద్దుటి ఫోన్ ఆగింది. తర్వాత సాయంత్రం ఫోన్. సెలవు రోజు వస్తాడేమోనని ఇద్దరికి సరిపడా వండి ఉంచితే, ఏదో అపార్ట్‌మెంట్‌లో ఏసీలన్నీ ఒకేసారి మొరాయించాయని కబురు. అద్దాలాయన రెండో వాటా మర్నాడు తిన్నాడు.

ఆ మర్నాడు పని నుంచి వచ్చి, మంచం అంచున కూర్చుని, టబ్బులోకి చూశాడు. ఏ చేప మీదా ఒక్క చుక్క లేదు. అతని కళ్లకి కనబడకపోవడమన్నది లేదు. ఫోన్ తీశాడు.

"మళ్లీ కనబడుతున్నాయిరా."

"అదేంటి? రంగు సరిగ్గానే ఉందా?"

"నువ్వు చెప్పినంతే ఉంది."

"అయితే మొండి పురుగు. ఇంకో అర మూత పొయ్యి. నేను రేపు సాయంత్రం వస్తా."

వస్తా అన్నాడు. అద్దాలాయనకి కావలసింది ఆ మాట, అది దొరికింది. మందు సీసా ముట్టుకోలేదు. రోగం లేని చేపకి మందు పోసేంత దుర్మార్గుడు కాదు. అబద్ధం గాల్లో ఆడిందే కదా, చేపకేం తగులుతుందిలే అనుకున్నాడు.

మర్నాడు బావమరిది రాగానే టార్చి వేసి చూశాడు. "నాకేం కనబడట్లేదే."

"పొద్దున ఉన్నాయి. సాయంత్రానికి రాలిపోతున్నాయి."

"అంతే, దాని తీరే అంత. అయినా నీ కళ్లతో నేను పోటీపడేదేముంది. అర మూత పోశావా?"

"పోశాను."

గొట్టంలో నీళ్లు తీసి చుక్కలు వేశాడు. రంగు మునుపెంతో అంతే ఉంది. బావమరిది కనుబొమ్మలు ముడిచాడు. అర మూత పోస్తే రంగు ముదరాలి, ముదరలేదంటే ఏదో మందుని తినేస్తోంది. పాత సీసా సారం పోయిందేమో అనుకున్నాడు. సంచీలోంచి కొత్త సీసా తీశాడు. "అరతో కాదు, మూతన్నర పోద్దాం. దీని సంగతి తేల్చాల్సిందే. రాత్రికి ఇక్కడే ఉంటాను బావా, పొద్దున్నే మళ్లీ కొలుస్తాను."

రాత్రికి ఇక్కడే ఉంటాను. అద్దాలాయన నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగింది. సీసా మూత విప్పడం చూశాడు, వంచడం చూశాడు. మందు నీళ్లలో నీలంగా పాకి కలిసిపోవడం కూడా చూశాడు. ఇంత మందుకి ఏమవుతుందిలే అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. హాల్లో పరుపు వేశాడు, మంచి దుప్పటి తీశాడు. పక్క గదిలో మనిషి దగ్గు, మనిషి గురక వింటూ ఒళ్లెరక్కుండా నిద్రపోయాడు.

పొద్దున బావమరిది తట్టి లేపాడు.

"బావా."

ఆడపడుచు టబ్బు అడుగున పక్కకి ఒరిగి ఉంది. మొప్పలు ఎగసిపడుతున్నాయి. మిగతావి పంపు దగ్గర గుమిగూడాయి. బావమరిది బకెట్లకి బకెట్లు ఉప్పునీళ్లు కలిపాడు, టబ్బులో నీళ్లు తోడి పోశాడు, మళ్లీ తోడాడు. చేపని అరచేతిలో నిటారుగా పట్టుకుని పంపు ధార ముందు ఉంచాడు, ఊపిరి ఆడుతుందేమోనని. నడుం విరిగేలా వంగి చాలాసేపు అలాగే పట్టుకున్నాడు. ఎండ కిటికీ దాటి లోపలికొచ్చేసరికి అతని అరచేతిలోనే పోయింది.

దాన్ని తువ్వాలులో పెట్టి నేల మీద కూలబడ్డాడు. "నేనే చంపాను బావా. అక్క చేపని నా చేత్తో చంపాను." అక్క పోయినప్పుడు కూడా అతను అలా ఏడవలేదు. అప్పుడు పనులన్నీ నెత్తినేసుకుని తిరిగాడు, ఇప్పుడు మోకాళ్ల మీద తల పెట్టుకుని పసివాడిలా ఏడ్చాడు. "మోతాదు ఎక్కడో తప్పాను. ఇన్నేళ్లుగా చేస్తున్నా, ఇలా ఎప్పుడూ కాలేదు. ఇంక నేను ఈ జోలికి పోను. నా చెయ్యి మంచిది కాదు."

అద్దాలాయన పక్కనే కూర్చుని వీపు నిమిరాడు. నిమురుతుంటే ఒక సంగతి బాగా తెలిసొచ్చింది. ఇప్పుడు నోరు మూసుకుంటే చాలు. ఈ ఏడుపు ఇద్దరిదీ అవుతుంది. వీడు రేపు వస్తాడు, ఎల్లుండి వస్తాడు, తప్పు చేశానన్న బాధతో మిగతా చేపల్ని చూసుకోవడానికి ఏళ్ల తరబడి వస్తాడు. చేతికి అందేంత దగ్గర్లో ఉంది అదంతా. చెయ్యి కింద ఆ వీపు ఎగిరెగిరి పడుతోంది.

"చుక్కలు లేవురా" అన్నాడు.

బావమరిది తలెత్తాడు.

"తగ్గాక మళ్లీ ఒక్కటి కూడా రాలేదు. అబద్ధం చెప్పాను. అర మూత మందు కూడా పోయలేదు. నీ లెక్క తప్పలేదు, నా మాట నమ్మి వేశావు."

బావమరిది మొహంలో ముందు ఏమీ లేదు. ఆ తర్వాత నిన్న సాయంత్రం అంతా ఒక్కొక్కటే అతని కళ్లలో తిరగడం కనబడింది.

"నేను మూత తీస్తుంటే పక్కనే ఉన్నావుగా."

"ఉన్నాను."

"మరి చెప్పలేదేం?"

"రాత్రికి ఉంటానన్నావు."

ఇంటి కింద వీధిలో ఎవరో బండి స్టార్ట్ చేస్తున్నారు, అది అంటుకోవడం లేదు. చివరికి అంటుకుని వెళ్లిపోయింది.

"పిలిస్తే వచ్చేవాణ్ణి కదా బావా."

"ఎందుకు అని అడిగేవాడివి."

బావమరిది ఆలోచించాడు. పాడు నిజాయితీ ఒకటి ఆ కుటుంబానికి. "అడిగేవాణ్ణి" అన్నాడు.

లేచి, దంపతుల్నీ నీలం చేపనీ మూత ఉన్న బకెట్‌లోకి తీశాడు. "ఇవి నా దగ్గరుంటాయి" అన్నాడు. సంచీ భుజానేసుకున్నాడు. తలుపు దగ్గర వెనక్కి తిరక్కుండానే, "పెద్ద తొట్టెలో పురుగు ఇంకా చావలేదు. చేపని వేయకు. పంపులు ఆపకు, పగడాలు పోతాయి" అని చెప్పి మెట్లు దిగిపోయాడు.

ఆడపడుచుని అద్దాలాయన ఒక్కడే తీసుకెళ్లి ఇంటి వెనక మట్టిలో పెట్టాడు. తర్వాత రోజులు ఎలా గడిచాయంటే, గడిచాయి. దుకాణం, ఇల్లు, చేప లేని తొట్టె. నీళ్లు తిరుగుతున్నాయి, దీపం వెలుగుతోంది, పగడాలు ముడుచుకుంటున్నాయి, విచ్చుకుంటున్నాయి. రొయ్యలకి ఇంత తిండి వేసేవాడు. వాటితో కబుర్లు చెప్పబోయాడు గానీ అవి మనిషి నీడ పడితే రాయి కిందకి పోతాయి. ఫోన్ తీసి నంబరు దాకా వెళ్లి పెట్టేయడం ఎన్నిసార్లో.

ఒక సెలవు రోజు సాయంత్రం పెట్టేయలేదు. అవతల మోగింది, మోగింది, ఎత్తాడు.

"ఏమైంది బావా? పంపు ఆగిందా?"

ఆగింది అంటే చాలు. ఆ ఒక్క మాటంటే చెప్పులేసుకోవడం మర్చిపోయి మరీ వస్తాడు.

"లేదు. అన్నీ తిరుగుతున్నాయి."

"మరి?"

"ఒక్కణ్ణే ఉండలేకపోతున్నానురా. వస్తావేమో అని."

అవతల టీవీ మోగుతోంది. ఎవరో ఏదో అమ్ముతున్నారు. ఆ ప్రకటన అయిపోయి ఇంకోటి మొదలైంది.

"నాకింకా కోపం పోలేదు బావా."

"తెలుసు."

"ఇవాళ రాను."

"సరే."

సరే అన్నాక పెట్టేయాలి కదా. బావమరిది పెట్టేయలేదు. ఇతనూ పెట్టేయలేదు. కాసేపటికి అవతల్నుంచి గొంతు సవరించుకున్న చప్పుడు.

"తిన్నావా?"

"ఇంకా లేదు."

"వెళ్లి వడ్డించుకో. ఫోన్ పెట్టేయకు."

అద్దాలాయన కంచం పెట్టుకుని, ఫోన్‌ని పక్కనే పెట్టి కూర్చున్నాడు. తినడం అయ్యేదాకా అవతల టీవీ మోగుతూనే ఉంది.